ఐసు ఫ్యాక్టరీ ఎనక బిల్డింగు

"జలపతీ, బార్బర్ పనున్నది. రేపు ఎనిమిదింటికల్ల జగిత్యాల రావాలె. ఎవ్వరికి చెప్పకు."

ఫోనులో వినిపించింది ఇదే. కోరుట్ల బస్టాండు పక్కన రేకుల షెడ్డు కింద, పైన వాన దంచుతుంటే, ఒక చెవికి ఫోను ఆనించి రెండో చెవిలో వేలు పెట్టుకుని నిలబడ్డ స్పెషల్ బ్రాంచి ఎస్సై జలపతి ఆ ఆదేశాన్ని రెండుసార్లు నెమరేసుకున్నాడు. డీఎస్పీ అంతటి మనిషి చెప్పాడంటే మతలబు ఉండాలి. బార్బర్ అంటే క్షవరం. క్షవరం అంటే మారువేషం. మారువేషం అంటే మిషన్. ఇరవై ఏళ్లుగా పాస్‌పోర్టు వెరిఫికేషన్లు తప్ప వేరే గూఢచర్యం ఎరగని మనిషికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అరగంటలో మీసం రెండంగుళాలు తరిగింది. అంటే మొత్తం పోయింది.

"ఎవలన్న సచ్చిపోయిండ్రా సార్?" అని అడిగాడు సెలూన్ ఆయన, కత్తి తుడుచుకుంటూ.

"ఇంకా లేదు," అన్నాడు జలపతి, గూఢచారి గొంతుతో.

మర్నాడు ఎనిమిదింటికి జగిత్యాలలో, డీఎస్పీ ఆఫీసు మేడ మీది గదిలో అడుగు పెట్టగానే డీఎస్పీ భూమయ్య తల ఎత్తి చూసి, "కంప్లైంటైతే కింద రైటర్‌కు ఇయ్యి," అన్నాడు.

"నేనే సార్. జలపతిని."

భూమయ్య కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "మీసమేది?"

"మీరే బార్బర్ పని అంటిరి సార్."

"బార్డర్ అన్న. బార్డర్ పని."

జలపతి చెయ్యి మీసం ఉండాల్సిన చోటికి పోయింది. చివరికి భూమయ్యే సర్దుకున్నాడు. "సరే పోనీ. ఏదైన గీత గీసుడే. కూసో."

ఆ గది డీఎస్పీ ఆఫీసుది కాదు. గోడ మీది బోర్డు ప్రకారం అది 'అంతర్జాతీయ పోలీసు మిత్రుల సంఘం, జగిత్యాల శాఖ'. భూమయ్య దానికి కార్యదర్శి, జలపతి సహాయ కార్యదర్శి. ఆరు దేశాల పోలీసులు అందులో సభ్యులు. సంఘానికి అధికారాలు లేవు, లాఠీ లేదు, నిధి లేదు. స్నేహం ఒక్కటే ఉంది. ఒక దేశం వాళ్లు ఇంకో దేశం వెళితే టోపీలు మార్చుకుంటారు, శాలువాలు కప్పుకుంటారు, మెమెంటో పట్టుకుని ఫొటో దిగుతారు. 'ప్రాంతీయ సహకారం' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మూడేళ్లుగా అందులో పొద్దున గులాబీలు, రాత్రి చందమామలు తప్ప ఏ సహకారమూ జరగలేదు. రోజా పూలు రోజూ పూసేవి.

నిన్న మాత్రం ఆ గులాబీల మధ్య ఒక ముల్లు దిగింది. పంపింది కల్నల్ ప్రసిత్. తూర్పున, ఒక పెద్ద నది ఒడ్డున ఉన్న దేశంలో బార్డర్ పోలీసు అధికారి.

"టార్గెట్ ఎవరు సార్?"

"కెప్టెన్ అంటరు. అసలు పేరు ఎవ్వనికి తెల్వది."

"దందా?"

"కంప్యూటర్ నౌకరి అని చెప్పి పిల్లగాండ్లను తీస్కపోతడు. ఆడ దిగంగనే పాస్‌పోర్టు గుంజుకుంటడు. ఒక కాంపౌండ్ల పెట్టి, ఫోన్ల మీద లోకాన్ని ముంచే పని చేపిస్తడు. చెయ్యనంటే కరెంటు పెడుతడు."

"మనోళ్లు?"

"ఇరవై రెండు మంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, జగిత్యాల. రేపు వాండ్ల టైం నాలుగింటికి అందరిని నది దాటిస్తుండ్రట. మన లెక్కల రెండున్నర. నదికి ఇవతల ఉన్నంతసేపే ప్రసిత్ చెయ్యి ఆడతది. దాటితే మనం ఆ పేర్లు మర్చిపోవాలె."

"మరి పట్టుకోమనుండ్రి సార్."

"యాడ పట్టుకోవాలె? నలభై కిలోమీటర్ల నది. ఇరవై మూడు రేవులు. ప్రసిత్ కాడ ఉన్నయి రెండు పడవలు. కాంపౌండ్ యాడున్నదో ఎవ్వనికి తెల్వది. మనం రాసిన అఫీషియల్ లెటరు ఆర్నెల్ల సంది ప్రయాణంలనే ఉన్నది."

ఒక దారి ఉంది. కెప్టెన్‌కు సిరిసిల్లలో ఒక మనిషి ఉంది. పేరు సృజన. అక్కడి నుంచి పిల్లల్ని పంపే హెచ్ఆర్. ఆ అమ్మాయే చాటుగా ప్రసిత్‌కు కబురు పెట్టింది. జలపతి సబ్ ఏజెంటు వేషంలో వెళ్లాలి, ఆరుగురు కొత్తవాళ్లను పంపిస్తానని చెప్పాలి, వీడియో కాల్‌లో కెప్టెన్‌ను చూడాలి, తెర మీద వెనకాల ఏం కనపడితే దాన్ని బట్టి చోటు పట్టుకోవాలి.

"ఆమె మన మనిషా, వాండ్ల మనిషా సార్?"

"డబుల్ ఏజెంటు. ఆమెకన్న తెలుసో లేదో."

భూమయ్య ఒక పెద్ద కొత్త సూట్‌కేసు ముందుకు తోశాడు. లోపల గుండీలో ఇమిడే కెమెరా, పెన్నులో దాగే రికార్డరు, ఆరుగురు కానిస్టేబుళ్ల దొంగ బయోడేటాలు. తర్వాత, అలవాటుగా అడిగినట్టు అడిగాడు. "గీ ఇరవై రెండు మందిల మీ వాడకట్టోడు ఒకడున్నడు గద. మహిపాల్."

"ఉన్నడు సార్."

"తెలుసా వాండ్లు?"

"ఎదురిల్లు," అన్నాడు జలపతి. సూట్‌కేసు మూసి లేచాడు.

ఎదురింటి నాగవ్వ బీడీలు చుడుతుంది. ఆమె భర్త తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు; చెట్టు మీది నుంచి పడే పోయాడు. కొడుకు మహిపాల్ డిగ్రీ చదివి సెల్‌ఫోన్ల దుకాణంలో పని చేసేవాడు. ఏడాది కింద ఒక మధ్యాహ్నం నాగవ్వ ఒక విజిటింగ్ కార్డు పట్టుకుని జలపతి గడప దగ్గరికి వచ్చింది. కార్డు మీద స్వర్ణద్వీప కన్సల్టెన్సీ, ప్రొప్రైటర్ చందు అని ఉంది.

"కొడుకా, నువ్వు పోలీసోనివి. గీ మనిషి మంచోడేనా?"

జలపతి అన్నం తింటున్నాడు. చారు కలుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "మంచోడే చిన్నమ్మా. నాకు తెలుసు," అన్నాడు.

తెలుసు అంటే ఏం తెలుసు? సంఘం వార్షిక సమావేశానికి బ్యానరు, భోజనాలు, మెమెంటోలు స్పాన్సర్ చేసింది ఆ చందే. కృతజ్ఞతగా సంఘం అతనికి శాలువా కప్పింది. ఒక పక్క భూమయ్య, ఇంకో పక్క జలపతి, మధ్యలో చందు. ఆ ఫొటోను చందు నిలువెత్తు చేయించి తన ఆఫీసులో వేలాడదీశాడు. దాని కింద కూర్చునే పాస్‌పోర్టులు తీసుకున్నాడు. వీసా చూపించాడు, వీసమెత్తు అనుమానం ఎవరికీ రాలేదు. పోలీసులే పక్కన నిలబడి నవ్వుతుంటే ఎట్లా వస్తుంది? మహిపాల్ వెళ్లిన రెండు నెలలకు చందు ఆఫీసుకు తాళం పడింది. గూఢచారి జీవితంలో గూఢం ఎంతుందో గానీ, చారు మాత్రం ఆ రోజు నుంచి జలపతికి గొంతు దిగలేదు. ఎదురింటి తలుపు తెరిచి ఉందంటే అతను పెరటి దారిన డ్యూటీకి వెళ్లేవాడు.

సూట్‌కేసుతో కోరుట్లలో ఆటో దిగేసరికి వాడకట్టు మొత్తం వాకిళ్లలో ఉంది. మీసం లేని ముఖం. కొత్త సూట్‌కేసు. అడిగితే చెప్పని నోరు. కోరుట్లలో ఈ మూడూ కలిస్తే అర్థం ఒక్కటే.

"జలపతి దుబాయి పోతుండు," అంది ఎల్లవ్వ. ఆమె ముగ్గురు కొడుకులు అక్కడే ఉన్నారు. ఆ వాడకట్టులో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క.

"సర్కారు నౌకరి ఇడిసిపెట్టా?"

"సస్పెండ్ అయిండట. మీసం గూడ వాండ్లే తీసిండ్రట."

ఇంట్లో కళావతి మొగుణ్ని ఎగాదిగా చూసింది. "మీసం లేకుంటే మా చిన్నత్త లెక్కున్నవ్. యాడికి పోతున్నవో నాకన్న చెప్పు."

"చెప్పొద్దు."

"చెప్పకు. వాడకట్టుకు తెలిసింది నాకెందుకు."

తెల్లారేసరికి గడప ముందు గుడ్డ సంచులు వరుస కట్టాయి. ఇది ఆ ఊళ్లో శాసనం. ఎవరు దేశం దాటుతున్నా వాడకట్టులో ప్రతి ఇంటి నుంచి ఒక సంచి పోవాలి. సకినాలు, మురుకులు, మామిడికాయ తొక్కు, బీపీ గోళీలు. తెల్లగుడ్డలో పెట్టి, మూతి సూదీదారంతో కుట్టి, మీద మార్కరుతో ఎవరికి చేరాలో రాస్తారు. పోయేవాడు వద్దనకూడదు. అంటే రేపు తనకు వచ్చే సంచి కూడా ఆగిపోతుంది. ఎయిర్‌పోర్టులో తూకం ఎక్కువైతే తన బట్టలు తీసి పారేస్తాడు గానీ పరాయి సంచి పారేయడు.

పోవడం లేదని చెబితే మిషన్ బయటపడుతుంది. పోతున్నానంటే పాపం చుట్టుకుంటుంది. జలపతి నోరు మూసుకుని సంచులు కారు డిక్కీలో వేస్తూ పోయాడు. పన్నెండో సంచి పట్టుకుని నిలబడ్డ చేతులకు బీడీలు చుట్టే తునికాకు మరకలున్నాయి. అతను తల ఎత్తలేదు.

"మహిపాల్‌ది కొడుకా," అంది నాగవ్వ. "వాడు దుబాయిల లేడు గని, నువ్వు అటు పోతే ఎవలితోనన్న పంపు. మీద అంత రాయించిన."

"సరే చిన్నమ్మా."

"వాడు బక్కగైండట. కనవడితే..."

"సరే చిన్నమ్మా," అని సంచి తీసుకుని, బోర్లా తిప్పి అన్నిటి కింద పెట్టి, డిక్కీ మూసేశాడు. నిజం తెలిసినవాడు నిజం తెలియనివాళ్ల కళ్లలోకి చూడకూడదన్నది అతను ఎనిమిది నెలలుగా పాటిస్తున్న నియమం.

కథలాపూర్ మీదుగా, వేములవాడ దాటి సిరిసిల్ల. ఇన్ని కథలు దాచిన మనిషి కథలాపూర్ మీదుగా పోవడం న్యాయమే. పన్నెండున్నరకు కారు ఒక పవర్‌లూమ్ షెడ్డు ముందు ఆగింది. లోపల నలభై సాంచాలు. సాంచా అంటే అక్కడ మరమగ్గం. సగం ఆగిపోయి ఉన్నాయి, ఆర్డర్లు లేవు. మిగతా సగమే చెవులు పగలగొడుతున్నాయి. ఏ శత్రువు మైకు పెట్టినా టకటక తప్ప ఏమీ దొరకదు. అందుకే ఆ చోటు.

కోడు పక్కాగా ఉంది. ఆమె 'పోగు తెగిందా' అని అడగాలి. అతను 'అతుకు పెట్టిన, రాత్రికి నిలుస్తది' అనాలి. ఈ కోడు రాసినవాడు సిరిసిల్ల ఎన్నడూ చూసి ఉండడు. లోపల అడుగు పెట్టగానే ఒక ముసలాయన సాంచా మీద వంగి, "పోగు తెగిందా?" అని అరిచాడు.

"అతుకు పెట్టిన, రాత్రికి నిలుస్తది," అన్నాడు జలపతి, కనుబొమ్మ ఎగరేసి.

"నిన్నెవడు అడిగిండు," అన్నాడు ముసలాయన, పక్క సాంచా ఆయన వైపు చూపిస్తూ.

మూడు సాంచాల దగ్గర మూడుసార్లు జవాబు చెప్పి, మూడుసార్లు తిట్లు తిన్నాక నల్లకళ్లద్దాల అమ్మాయి ఎదురైంది. పట్టుచీర కాదు గానీ పట్టు పట్టి చూడాల్సిన చీర. మడమల చెప్పులు నూనె మరకల గచ్చు మీద టిక్కుటిక్కుమంటున్నాయి.

"పోగు తెగిందా?"

"తెగి తెగి నా నోరు పడిపోయింది. మీరేనా?"

"రాండ్రి," అంది సృజన.

షెడ్డు చివర ఓనరు గది. తలుపేస్తే చప్పుడు సగమైంది. బల్ల మీద లాప్‌టాప్. గోడ గడియారంలో ఒంటిగంట దాటి పది నిమిషాలు.

"కాంపౌండ్ యాడున్నదో నీకు తెల్వదా?" అన్నాడు జలపతి.

"తెల్వది సార్. తీస్కపోయిన నాడు కండ్లకు గంతలు, తీస్కచ్చిన నాడు గంతలు. వాసన ఒక్కటే యాదికున్నది. చేపల వాసన. నదన్నంక ఎక్కడైన చేపలే గద."

"నిన్నెందుకు ఇడిసిపెట్టిండ్రు?"

ఆమె కళ్లద్దాలు తీసింది. ఎడమ కంటి కింద ఒక పాత కాలిన గుర్తు ఉంది. అద్దాలు అందం కోసం కాదని అప్పుడు తెలిసింది. "మా నాయినకు గీడనే సాంచాలుండె. ఆగిపోయినయి. నేను, మా చెల్లె లత ఇద్దరం పోయినం. మనుషులను పంపుతే నన్ను ఇడుస్తమన్నరు. చెల్లెను అట్టివెట్టుకున్నరు. ఆరుగురిని పంపిన సార్." ఆగి, "మీరు? మీరెందరిని?" అంది.

అడగకూడని ప్రశ్న. పోలీసును ఎవరూ అట్లా అడగరు. అయినా జలపతి చెప్పాడు. "ఒక్కన్ని. ఉత్త మాటతోని."

ఒకటిన్నరకు తెర వెలిగింది.

కెప్టెన్ అంటే జలపతి ఊహలో మచ్చల ముఖం, పెదవి మీద సిగార్. తెర మీద కనబడినవాడు లెక్కల మాస్టారులా ఉన్నాడు. వెనకాల తెల్లగోడ. కిటికీ లేదు, క్యాలెండరు లేదు. చోటు చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. చొక్కా గుండీ కెమెరా వైపు కళ్లు దించి చూస్తే దాని మీద సాంచాల నూగు పత్తికాయంత పేరుకుంది. విదేశీ గ్యాడ్జెట్టుకు సిరిసిల్ల దుమ్ము తగిలింది.

సృజన మధ్యవర్తి. కెప్టెన్ ఇంగ్లిష్ ముక్కల్లో అడుగుతాడు, ఆమె తెలుగులో చెబుతుంది. ఆరుగురు ఎవరు, వయసెంత, టైపింగ్ వచ్చా, ఇంట్లో ఎవరు గట్టిగా అడిగేవాళ్లున్నారా. చివరి ప్రశ్న మీదే ఎక్కువ సేపు గడిపాడు. అడిగే దిక్కు లేనివాళ్లే అతనికి కావాలి. ఒకటి నలభై. రెండు. రెండూ ఐదు. వెనకాల ఎక్కడో లారీలు వెనక్కి వస్తున్న బీప్ బీప్. సామాను ఎక్కిస్తున్నారు. సామాను అంటే మనుషులు.

ఆయన మాట్లాడుతూనే పక్కకు చెయ్యి చాపి ఏదో తీసుకుని కొరికాడు. కర్రుమంది. సాంచాల చప్పుడు మీదుగా కూడా జలపతికి వినబడింది.

గుండ్రంగా ఉంది. చుట్టలు చుట్టలుగా ఉంది. తెల్లటి పిండి మీద నువ్వులున్నాయి.

జీవితంలో శకునాలు నమ్మని పోలీసు ఆ క్షణాన సకినాన్ని నమ్మాడు.

ఆ నది ఒడ్డున ఏ దుకాణంలోనూ దొరకని వస్తువది. బియ్యప్పిండి, వాము, నువ్వులు కలిపి, బొటనవేలూ చూపుడువేలూ తిప్పి తిప్పి పోసేది ఒక్క తెలంగాణ ఆడవాళ్ల చెయ్యే. అది అక్కడిదాకా పోయిందంటే ఎవరో మోసుకుపోయారు. మోసుకుపోయారంటే ఎవరో సంచిలో పెట్టి కుట్టారు. సంచి కుట్టినవాళ్లు దాని మీద ఎక్కడికో రాస్తారు. 'మీద అంత రాయించిన' అంది నాగవ్వ.

"అవేందని అడుగు," అన్నాడు జలపతి.

సృజన అడిగింది. కెప్టెన్ మొదటిసారి నవ్వి ఏదో చెప్పాడు, ఆమె తెలుగు చేసింది. "మనోళ్లకు ఇంటికెల్లి వస్తయట. సగం గేటు కాడనే కాపలావాండ్లు తీస్కుంటరట. మంచియి ఈనకు వస్తయట. కొత్తోళ్లతోని రెండు కిలోలు పంపుమంటుండు."

"నా కాడ ఇప్పుడే ఉన్నయని చెప్పు. చూపిస్త, ఏవి కావాల్నో ఏరుకొమ్మను. కాల్ కట్ చెయ్యొద్దను."

సాంచాల మధ్య నుంచి నలభై నాలుగేళ్ల గూఢచారి పరుగెత్తాడు. "పోగు తెగిందా?" అని ఎవరో అడిగారు. జవాబు చెప్పలేదు. డిక్కీ తెరిచి ఎల్లవ్వ కొడుకుల సంచులు మూడూ పక్కన పడేసి, అన్నిటి కిందా బోర్లా పెట్టినదాన్ని తీసి తిప్పాడు. సాంచాల ఊళ్లో ఒక సంచి. దాని మీద ఎవరో బడిపిల్ల గుండ్రటి అక్షరాలు.

'మహిపాల్‌కు ఇవ్వవలెను. నది ఒడ్డు. చేపలకు ఐసు చేసే ఫ్యాక్టరీ ఎనక బిల్డింగు. మీద తెల్ల టాంకి ఉంటది. గేటు కాడ కుంటి వాచ్‌మన్‌కు ఇయ్యాలె. ఆయనకు గూడ ఒక పొట్లం పెట్టిన.'

జలపతి ఆ అక్షరాలు మళ్లీ చదివాడు. ఆరు దేశాలు వెతుకుతున్న అడ్రసు ఎదురింట్లో ఉంది. పెరటి దారిన పోయిన ప్రతి రోజూ అక్కడే ఉంది.

ఫోను తీసి గ్రూపులో, పొద్దుటి గులాబీల కింద, వచ్చిన ఇంగ్లిష్‌లో కొట్టాడు: ఐసు ఫ్యాక్టరీ, వెనక, తెల్ల ట్యాంకు, గేటులో కుంటి కాపలావాడు.

అర నిమిషంలో ఖాట్మండు నుంచి ఇన్‌స్పెక్టర్ తారా గురుంగ్: "మా దగ్గర తప్పించుకొచ్చిన ఒకడు ఐసు మిషను చప్పుడు గురించి చెప్పాడు."

కొలంబో నుంచి ఏఎస్పీ నిమల్: "మా వాడు తెల్ల ట్యాంకు బొమ్మ గీసి చూపించాడు. నాలుగు నెలలైంది."

ప్రసిత్: "ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

తారా: "ఎవరూ అడగలేదు."

ప్రసిత్: "రేవు పదిహేడు. పడవలకు పద్దెనిమిది నిమిషాలు. వాణ్ని ఫోను దగ్గరే ఉంచండి."

రెండూ పన్నెండు. రెండున్నరకు లారీలు కదులుతాయి.

జలపతి సంచులు చంకన పెట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆ తర్వాత సిరిసిల్లలో జరిగింది ఏ ట్రైనింగు కాలేజీలోనూ నేర్పరు. ఒక్కొక్క సంచి కుట్టు విప్పుతూ, ఒక్కొక్క సకినం కెమెరా ముందు తిప్పుతూ అతను ఉపన్యాసం మొదలుపెట్టాడు. బియ్యం ఎంతసేపు నానాలి, నువ్వులు ఎప్పుడు కలపాలి, చుట్టు ఎన్ని వరసలు పోయాలి, తడి ఆరకుండా నూనెలో వేస్తే ఎందుకు పేలుతుంది. సృజన అనువదిస్తోంది. ఆమె నుదుట చెమట.

"ఇది నాలుగు చుట్లది. గిది ఎల్లవ్వ చేసింది, ఆమె చెయ్యి జర పెద్దది. విరగ్గొట్టి ఇనిపిస్త, సప్పుడు చూడుమను."

కర్ర్.

"ఎక్కువ చెప్తున్నడు అంటుండు సార్," అంది సృజన. "టైం అయిందట."

"మామిడికాయ తొక్కు గూడ ఉన్నదని చెప్పు."

"తొక్కు అంటే ఏమని చెప్పాలె?"

"ఏదో ఒకటి చెప్పు బిడ్డా. మీ చెల్లె ఉన్నది ఆడ."

ఆమె చెప్పింది. ఏం చెప్పిందో గానీ లేవబోయిన కెప్టెన్ మళ్లీ కూర్చున్నాడు. రెండూ ఇరవై ఏడు. ఎవరో వచ్చి అతని చెవిలో ఊదారు. అతను చెయ్యి ఊపి ఒక్క నిమిషం అన్నాడు. రెండూ ఇరవై తొమ్మిది. లారీ ఇంజన్లు స్టార్టయ్యాయి. జలపతి చేతిలో చివరి సంచి మిగిలింది. నాగవ్వది. దాన్ని విప్పడానికి చెయ్యి రాలేదు. సృజన చూసింది, అతని చేతిలోంచి తీసుకుని తానే దారం తెంపింది.

లోపల సకినాల మీద ఒక కాగితం పొట్లం. దాని మీద 'వాచ్‌మన్‌కు' అని ఉంది.

తెర మీద ఏదో పగిలింది. కెప్టెన్ తల తిప్పాడు. బల్ల ఒరిగింది. సకినాలు గాలిలోకి లేచాయి. తర్వాత తెర నిండా ఒక సీలింగ్ ఫ్యాను, దాని కింద బూట్ల చప్పుడు, అర్థంకాని భాషలో అరుపులు, ఆ అరుపుల మధ్య బాగా అర్థమయ్యే భాషలో ఒక గొంతు: "లతా, బయటికి రా. పోలీసోళ్లే వచ్చిండ్రు."

సృజన నేల మీద కూర్చుండిపోయింది. జలపతి ఆమె పక్కనే కూర్చున్నాడు. గడియారం రెండున్నర కొట్టింది. ఆమె రెండు మణికట్లూ ముందుకు చాపింది. "ఇగ నన్ను తీస్కపోండ్రి సార్."

"తీస్కపోత," అన్నాడు జలపతి. "జర సేపాగు. నాకు గూడ లేస్తందుకు శాతనైతలేదు."

పన్నెండు రోజుల తర్వాత కోరుట్లలో ఫంక్షన్ హాలు. సంఘం బ్యానరు, ఈసారి సొంత ఖర్చుతో. ఇరవై ఒక్క మంది తిరిగి వచ్చారు. మహిపాల్ ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. అతని కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. వాడకట్టంతా వచ్చింది. జలపతి దుబాయి పోయి, అక్కడి నుంచి ఓడెక్కి, కెప్టెన్‌ను కొట్టి పిల్లల్ని తెచ్చాడని అప్పటికి మూడు రకాల కథలు తయారయ్యాయి. భూమయ్య శాలువా పట్టుకుని లేచాడు.

"వద్దు సార్," అన్నాడు జలపతి. మైకు తీసుకున్నాడు.

"నేను దుబాయి పోలె," అన్నాడు. "సిరిసిల్ల దాంక పోయిన. గంతే. మీరిచ్చిన సంచులు విప్పి ఆ దొంగకు చూపిచ్చిన. అవి ఇప్పుడు ఠాణల కేసు ప్రాపర్టీ కింద ఉన్నయి. కోర్టు అయ్యేదాంక రావు. ఎల్లవ్వా, నీ గోళీలు మాత్రం కొని పంపిన."

కొందరు నవ్వారు. అతను నవ్వలేదు.

"అడ్రసు కనుక్కున్నది నేను గాదు. నాగవ్వ చిన్నమ్మ సంచి మీద రాసి ఉన్నది. మహిపాల్ ఫోన్ల చెప్పిండు, కాపలా ఉన్నోనికి మన మాట తెల్వక ఊకున్నడు. అది ఎనిమిది నెలల సంది మా ఎదురింట్ల ఉన్నది. నేను అడగలె. ఎందుకంటే చందు మంచోడని చెప్పింది నేనే. ఏం తెల్వకుంట చెప్పిన. తర్వాత మొకం చూపియ్య శాతగాక పెరట్లకెల్లి పోయిన."

వెనక వరుస నుంచి మెట్‌పల్లి బాలలక్ష్మి లేచింది. ఇరవై రెండో మనిషి ఆమె భర్త. దాడికి వారం ముందే అతన్ని ఇంకో కంపెనీకి అమ్మేశారు. ప్రసిత్ వెతుకుతూనే ఉన్నాడు.

"సార్. పది దినాలు ముందుగాల అడిగి ఉంటే మావోడు దొరుకునా?"

పోలీసులకు ఇలాంటి ప్రశ్నకు వంద జవాబులు నేర్పుతారు. జలపతి వాటిలో ఒక్కటీ వాడలేదు.

"దొరుకు చెల్లె," అన్నాడు.

ఆమె తల ఊపి కూర్చుంది. క్షమించినట్టు కాదు. విన్నట్టు.

భూమయ్యకు చేతిలో శాలువా ఏం చేయాలో తోచలేదు. అది చూసి నాగవ్వ ముందు వరుసలోంచి మాట్లాడింది. మైకు అవసరం లేని గొంతు.

"ఆ ఫొటోల నువ్వు నవ్వుకుంట నిలవడ్డది నేను చూడలేదనుకున్నవా కొడుకా. వాడు పోయిన నెలరోజులకే వాని జాడ తెలిసింది నాకు. బీడీల గంప పట్టుకొని పొద్దుమాపు మీ వాకిట్లకెల్లే పోయిన. లోపటికి రా చిన్నమ్మా అంటవేమోనని. అంటే అప్పుడే చెప్తుంటి."

జలపతి మైకు కింద పెట్టాడు. మైకు లేకుండా అడిగాడు.

"ఇప్పుడొస్తవా చిన్నమ్మా? చాయ తాగుదువు."

"వస్త," అంది నాగవ్వ. "శక్కెర తక్కువెయ్యమను కళావతిని. బాలలక్ష్మిని గూడ పిలువు. ఆమె పని ఇంక గాలేదు గద."

ఆరు దేశాల పోలీసులు ఒక్క మాట మీదికి రావడానికి పద్దెనిమిది నిమిషాలు చాలాయి. మధ్యలో ఎనిమిదడుగుల సందు ఉన్న రెండిళ్లకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ సందుకు ఏ సంఘమూ ఇంకా శాఖ తెరవలేదు మరి.